పళ్ళపొడితో తుడిచిన పేరు

నా చిన్నప్పుడు అశోక్ నగర్‌లో మేమున్న ఇంటి ముందుగదిలో ఒక ఇంగ్లీషు గోడ గడియారం ఉండేది. గుండ్రటి చెక్క చట్రం, దానికి ఇత్తడి అంచున్న అద్దం తలుపు, లోపల తెల్ల రంగు వేసిన ఇనప రేకు, ఆ రేకు మీద నల్లటి రోమన్ అంకెలు. మా తాతయ్య కాకినాడ రేవు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక దొర సామాన్లన్నీ అమ్మేసి ఊరు వదిలి వెళ్ళిపోతుంటే దీన్ని కొన్నాడట. నాన్నకు హైదరాబాదులో ఉద్యోగమై అందరం ఇక్కడికి వచ్చేటప్పుడు తాతయ్య దాన్ని బొంతలో చుట్టి, రైలు ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడని నాయనమ్మ చెప్పేది. ఆదివారం పొద్దున స్నానం చేసి, దానికి కీ ఇచ్చాకే ఆయన కాఫీ తాగేవాడు.

అంకెల మధ్యలో, ముళ్ళకు కాస్త పైన, సన్నటి మెలికల అక్షరాల్లో ఒక పేరు, దాని కింద ఒక ఊరి పేరు ఉండేవి. చేసినవాడి పేరది. వచ్చిన ప్రతివాళ్ళకూ తాతయ్య ఆ పేరు చూపించేవాడు. చదవమంటే మాత్రం ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా పలికేవాడు. చూపు మందగించాక అదీ లేదు. వేలు పెట్టి చూపించి ఊరుకునేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా తాతయ్యకు ఆ పేరుగల మనిషి ఎవరో, గడియారం ఏ కాలంలో చేశాడో తెలుసుకోవాలన్న కోరిక పట్టుకుంది. ఆయనకు రోజూ సాయంత్రం లైబ్రరీ పేపర్ల గదిలో కలిసే స్నేహితుడొకాయన ఉండేవారు. గాంధీనగర్‌లో ఇల్లు, బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. మేమంతా మాస్టారు అనేవాళ్ళం. ఆయన పాత శిష్యుడు లండన్‌లో చదువుకుంటున్నాడు. అక్కడి లైబ్రరీల్లో పాత గడియారాలవాళ్ళ పేర్లన్నీ ఉన్న పుస్తకాలుంటాయని, డయల్ మీదున్నది అక్షరం పొల్లుపోకుండా రాసి పంపితే వెతికిస్తానని మాస్టారు మాటిచ్చారు. ఆదివారం సాయంత్రం తానే వచ్చి రాసుకుంటానన్నారు.

ఆ వారమంతా తాతయ్య కాలు ఒకచోట నిలవలేదు. మాస్టారు వచ్చేసరికి గడియారం శుభ్రంగా ఉండాలని నారాయణగూడలో గడియారాలు బాగుచేసే ఆయనకు ఇచ్చి వచ్చాడు. ఆయన్ని నేను గడియారాల తాత అనేదాన్ని. మెట్ల కింద మనిషి పట్టేంత డబ్బాకొట్టు, కంటికి బిగించుకునే నల్లటి భూతద్దం, ఎప్పుడూ నూనె వాసన వేసే చేతులు. ఎనిమిదేళ్ళుగా మా గడియారం ఆయన తప్ప ఎవరూ విప్పలేదు. శనివారం సైకిల్ మీద తెచ్చి, గోడకు తగిలించి, సమయం సరిచేసి వెళ్ళాడు. పేరు ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. నాకు నిద్ర పట్టలేదు. గడియారం కేసి చూస్తూ కూర్చుంటే, తెల్ల రేకు మీద పేరు చుట్టూ పొగచూరినట్టు పసుపు మరక కనిపించింది. మాస్టారు రాసుకునేటప్పుడు అక్షరాలు బాగా కనబడాలని, తాతయ్య నన్ను మెచ్చుకోవాలని అనిపించింది. కుర్చీ మీద స్టూలేసి ఎక్కి, అద్దం తలుపు తెరిచి, తడిగుడ్డకు మా తెల్ల పళ్ళపొడి అద్దుకుని రుద్దాను. మరక కొంచెం వదిలింది. సంతోషమేసి ఇంకాస్త గట్టిగా రుద్దాను. గుడ్డ తీసి చూస్తే దాని మీద నల్లగా ఉంది. రేకు మీద పేరు లేదు.

ఊరి పేరు కూడా సగం పోయింది. మిగిలిన సగం ఎవరైనా చూస్తే దొరికిపోతానని భయపడి, ఆ సగమూ నేనే తుడిచేశాను. తెలియక చేసింది మొదటిది. రెండోది తెలిసే చేశాను. తలుపు మూసి, గుడ్డను పెరట్లో బొగ్గుల డబ్బాలో కుక్కి, వచ్చి నాయనమ్మ పక్కన కళ్ళు మూసుకుని పడుకున్నాను.

సాయంత్రం మాస్టారు కాయితం, పెన్ను పట్టుకుని వచ్చారు. అద్దం దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకుని, ఇక్కడేం లేదే అన్నారు. తాతయ్య వేలితో తడిమాడు. నాన్నను పిలిచాడు. నాన్నకూ ఏమీ కనిపించలేదు. తర్వాత తాతయ్య నెమ్మదిగా అన్నాడు.

"ఇది మన గడియారం కాదు. వాడు మార్చేశాడు."

నాయనమ్మ వద్దంది. ఎనిమిదేళ్ళుగా వస్తున్న మనిషిని ఒక్క పూటలో అంత మాట అనకండి అంది. తాతయ్య వినలేదు. దొరల గడియారమని తెలిసినవాడు, పేరున్నది తనదగ్గరుంచుకుని పేరులేనిది మనకంటగట్టాడన్నాడు. నేను గుమ్మం చాటున నిలబడి అంతా విన్నాను. ఒక్క మాట చాలు. నేను చెప్పలేదు.

మర్నాడు తాతయ్య నారాయణగూడ వెళ్ళి గడియారాల తాతను నలుగురిలో నిలదీశాడు. అంతటితో ఆగలేదు. లైబ్రరీ పేపర్ల గదిలో చెప్పాడు. చిక్కడపల్లిలో తను గడ్డం గీయించుకునే షాపులో చెప్పాడు. ఆ షాపులో చెప్పాక ఇంక ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. రెండు రోజుల్లో ఆ మాట సుల్తాన్ బజార్ దాకా వెళ్ళింది. అక్కడి గడియారాల షాపు యజమాని తన దగ్గరికి వచ్చే పాత గడియారాలన్నీ ఈయనకే పంపేవాడు. ఇక పంపనన్నాడట.

నా బడి నారాయణగూడలోనే. రోజూ ఆ డబ్బాకొట్టు ముందు నుంచే వెళ్ళాలి. మంగళవారం వెళ్తుంటే ఇద్దరు తమ వాచీలు వెనక్కి అడుగుతున్నారు. ఆయన చిన్న చిన్న పొట్లాలు విప్పి ఇచ్చేస్తున్నాడు. బుధవారం నుంచి నేను సందు తిరిగి చుట్టూ వెళ్ళడం మొదలుపెట్టాను. అన్నం సహించలేదు. లెక్కలన్నీ తప్పాయి. ముందుగదిలో కూర్చోలేకపోయేదాన్ని, పెరట్లోకి వెళ్ళినా అక్కడికీ ఆ టిక్కుటిక్కు వినిపించేది. అమ్మ నుదురు పట్టుకు చూసి, జ్వరం లేదే అని ఆశ్చర్యపోయింది.

గురువారం సాయంత్రం ఎండ వాలుతుండగా గడియారాల తాత తానే మా ఇంటికి వచ్చాడు. మాస్టారు కూడా అప్పుడు వరండాలోనే ఉన్నారు. గడియారాల తాత లోపలికి రాకుండా మెట్ల కిందే నిలబడి అడిగాడు.

"సార్, మీ ముంగటనే జర విప్పి చూపిస్త. చూసినంక మీరు ఏమన్నా పడత."

తాతయ్య ఒప్పుకునేవాడు కాదేమో. మాస్టారు చూద్దాం, పోయేదేముంది అన్నారు. వరండాలో చాప వేసి, దాని మీద తువ్వాలు పరిచి, ఆయన గడియారాన్ని దించాడు. పక్కలనున్న చెక్క మేకులు లాగి, ముళ్ళు తీసి, రేకు విడదీశాడు. లోపల ఇత్తడి పలక మీద ఏదో గీతలు కనిపించాయి. గడియారం విప్పిన ప్రతి పనివాడూ సూదితో తన గుర్తు గీసి పెడతాడట. ఒక మూల ఎనిమిదేళ్ళ కిందట తను గీసింది చూపించాడు. దాని పైన తెలుగులో ఇంకెవరిదో పొడి అక్షరం, పక్కన కాకినాడ అనీ ఉంది. మాస్టారు అది చదవగానే తాతయ్య ముఖం మారింది. కాకినాడలో దాన్ని బాగుచేసిన మనిషి ఆయనకు బాగా గుర్తే. అందరికంటే కింద, ఇత్తడిలో గట్టిగా దిగేలా కొట్టిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె ఉన్నాయి. అసలు యంత్రం చేసినవాడి గుర్తు ఇదై ఉంటుందని, బయట కనబడేది చాలావరకు గడియారం అమ్మిన షాపు పేరేనని గడియారాల తాత చెప్పాడు. ఇన్నేళ్ళూ తాతయ్య ఎవరి పేరు చూపిస్తున్నాడో ఆయనకే తెలియదన్నమాట.

అయినా తాతయ్య తగ్గలేదు. యంత్రం మాదే కావచ్చు, రేకు మాత్రం మార్చావన్నాడు. అప్పుడు గడియారాల తాత ఆ రేకును రెండు చేతులా పట్టుకుని ఎండకు అడ్డంగా వంచాడు. పైనుంచి చూస్తే ఒట్టి తెలుపే. వాలుగా చూస్తే, ఇన్నేళ్ళూ నల్ల రంగు కప్పి ఉంచిన చోట తెలుపు కాస్త నున్నగా మెరుస్తోంది. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని, తల పక్కకు వాల్చి ఒక్కొక్క అక్షరం పలికారు. మొదటిది టి. తర్వాత వచ్చే పేరు మొదటి అక్షరం బి కావచ్చు, ఆర్ కావచ్చు. మధ్యలో ఏమీ తెలియడం లేదు. చివర డి. కింద లండన్ మాత్రం ఉంది. ఆయన చెబుతుంటే నాన్న కాయితం మీద రాశాడు. తెలియని చోట చుక్కలు పెట్టాడు.

అంతా ఆ కాయితం మీదే చూస్తున్నారు. నేను ఒక్కదాన్నే గడియారాల తాత చేతులు చూస్తున్నాను. కీ పెట్టే రంధ్రం అంచున ఇరుక్కున్న తెల్లటి పొడిని ఆయన వేలితో తీసి వాసన చూశాడు. కర్పూరం కలిపిన పళ్ళపొడి ఏ ఇంట్లోనైనా తెలిసే వాసన. ఆయన తలెత్తి నావైపు చూశాడు. ఒక్క చూపే. తర్వాత ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుని, ఎప్పుడో తడి తగిలి రంగు లేచిపోయినట్టుంది సార్ అని తాతయ్యతో అన్నాడు.

తాతయ్య అమ్మను కాఫీ పెట్టమన్నాడు. గడియారాల తాత కాఫీ తాగి, గడియారం బిగించి, యథాస్థానంలో తగిలించి వెళ్ళిపోయాడు. తాతయ్య నోటి నుంచి తప్పు నాదేనన్న మాట రాలేదు. ఆ పూట ఇంట్లో అందరూ తేలికపడ్డారు. నాకు మాత్రం అంతకుముందు కంటే ఎక్కువైంది. దొరికిపోతానేమోనన్న భయం వేరు. దొరికాక ఒకరు తమ వీపు అడ్డం పెట్టి దాచేస్తే, అది మోయడం వేరు.

శుక్రవారం బడి వదలగానే చుట్టుతిరుగుడు మానేసి నేరుగా డబ్బాకొట్టుకు వెళ్ళాను. బల్ల మీద పొట్లాలు లేవు. ఆయన ఊరికే కూర్చుని భూతద్దం తుడుచుకుంటున్నాడు. నేను నిలబడే అంతా చెప్పేశాను. లండన్ అన్న మాట కావాలని తుడిచానని కూడా చెప్పాను. ఏడుస్తాననుకున్నాను గాని ఏడుపు రాలేదు. ఆయన మెచ్చుకోలేదు, కోప్పడలేదు.

"నాకు చెప్పుడెందుకు బిడ్డ, నాకు నిన్ననే ఎర్కైంది. తెల్వనోళ్ళకు చెప్పాలె."

మరి నిన్న తాతయ్య ముందు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. నేను చెప్తే మీ తాత నిన్ను కొడుతుండె, నువ్వు చెప్తే కొట్టడు అన్నాడు. కొడితే మాత్రం ఏమైతది, రెండు రోజుల్ల తగ్గుతది, ఈ బాధ తగ్గదు అని కూడా అన్నాడు. ఇంకేం చెప్పకుండా భూతద్దం పెట్టెలో పెట్టేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య పడక్కుర్చీలో ఉన్నాడు. చెప్పడానికి ముందు రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. చెప్పాక ఆయన నావైపు చూడలేదు. లేచి చొక్కా వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు, గొడుగు తీసుకున్నాడు. పద అన్నాడు. ఎక్కడికో అడిగే ధైర్యం నాకు లేదు. పోలీసు స్టేషన్‌కేనని గట్టిగా అనుకున్నాను.

మొదట డబ్బాకొట్టుకే వెళ్ళాం. గడియారాల తాత లోపలి ముక్కాలిపీట బయటికి జరిపాడు. తాతయ్య కూర్చోలేదు.

"నేను నోరు జారాను. నువ్వు పడాల్సిన మాట కాదది," అన్నాడు.

ఆయన సరే సార్ అన్నాడు. అంతే.

అక్కడి నుంచి చిక్కడపల్లి నడిచాం. గడ్డాల షాపులో ఒకరికి సబ్బు రాసి ఉంది, ఇద్దరు బెంచీ మీద వంతు కోసం చూస్తున్నారు. తాతయ్య గుమ్మంలో నిలబడి, గడియారం గురించి తను చెప్పింది అబద్ధమని తేలిందని, ఆ మనిషి తప్పేమీ లేదని అందరికీ వినబడేలా చెప్పాడు. ఇప్పుడు నా పేరు చెబుతాడు, అందరూ నన్ను చూస్తారు అనుకున్నాను. తాతయ్య చెప్పలేదు. తప్పు తన కళ్ళదే అన్నట్టు మాట్లాడి బయటికి వచ్చేశాడు. లైబ్రరీలోనూ అంతే. అక్కడ పేపరు చదువుతున్న ఒకాయన, ఎంత చెప్పినా ఇలాంటివాళ్ళను నమ్మకూడదు సార్ అని తల తిప్పుకున్నాడు. తాతయ్య మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆయన పేపరు పేజీ తిప్పాడు. ఆ మనిషి ఆ మాట చివరిదాకా నమ్మలేదనుకుంటాను. ఆ తర్వాత కూడా తన వాచీ అంబర్‌పేటలో ఇంకెవరికో ఇచ్చేవాడని విన్నాం.

చివరికి బస్సెక్కి సుల్తాన్ బజార్ వెళ్ళాం. పండగ ముందు రోజులు కావడంతో బట్టల షాపుల మధ్య కాలు పెట్టడానికి చోటు లేదు. గడియారాల షాపు యజమాని పెద్ద మనిషి, ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తాతయ్య చెప్పిందంతా విన్నాడు. విని, మీ గడియారం మీది పేరు దానంతటదే పోయిందా సార్ అని అడిగాడు. తాతయ్యకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నా పేరు చెప్పడమూ ఇష్టం లేదు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. అప్పటికి మా ఇంటి నుంచి బయలుదేరి రెండు గంటలైంది. అంత పొడుగు మనిషి నావల్ల అన్ని గుమ్మాల్లో తల వంచుకుని నిలబడడం చూశాను. ఇంక నావల్ల కాలేదు.

"నేను తుడిచేశాను. పళ్ళపొడి పెట్టి. అప్పుడు తాతయ్యకు తెలియదు, ఆ తాతకూ తెలియదు," అన్నాను.

యజమాని కుర్చీలోంచి ముందుకు వంగి నన్ను చూశాడు. నవ్వలేదు. తాతయ్యతో, మంచిది సార్, రేపటి సంది పని పంపిస్త అన్నాడు. పంపాడు కూడా. సోమవారం నేను బడికి వెళ్ళేటప్పుడు డబ్బాకొట్టు బల్ల మీద రెండు గోడ గడియారాలున్నాయి. ఆ రోజు తిరుగు బస్సులో తాతయ్య నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. దిగేటప్పుడు, నీకంటే ముందు నేను తప్పు చేశాను కదే బుజ్జీ, చూడకుండా అనేశాను అన్నాడు.

లండన్ నుంచి ఉత్తరం రావడానికి నాలుగైదు నెలలు పట్టింది. మాస్టారి శిష్యుడు ఓపికగా వెతికాడు. ఆ మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ సరిపోయే షాపులు అప్పట్లో లండన్‌లో రెండు ఉండేవట. రెండూ ఎన్నడో మూతపడ్డాయి. ఏది మనదో చెప్పడానికి మధ్య అక్షరాలు కావాలి, అవి లేవు. ఇత్తడి పలక మీద రెండక్షరాలు కొట్టినవాళ్ళు ఎన్నో షాపులకు యంత్రాలు చేసి ఇచ్చేవారని, ఆ కార్ఖానాలో ఏ పనివాడి చేతి మీదుగా ఇది వచ్చిందో ఏ పుస్తకంలోనూ దొరకదని రాశాడు. మధ్య అక్షరాలు పోగొట్టింది నేనే. ఉత్తరం నాన్న చదువుతుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు తాతయ్యకు ఆ తెల్లటి ఖాళీ చూడబుద్ధి కాలేదు. రెండు పేర్లలో బాగున్నది ఒకటి ఎంచుకుని, బోర్డులు రాసేవాడి చేత రాయించమని గడియారాల తాతను అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. ఎవరిదో తెల్వకుండ ఎవరి పేరో ఎట్ల రాస్తం సార్, ఖాళీగనే ఉండనీయుండ్రి అన్నాడు. తాతయ్య ఇంక అడగలేదు. ఆ గడియారం ఇప్పుడు గాంధీనగర్‌లో మా తమ్ముడింట్లో ఉంది, ఖాళీగానే ఉంది.

నాకిప్పుడు అరవై అయిదు దాటాయి. చిక్కడపల్లిలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మొన్న నా పట్టుచీర ఒకటి కనబడలేదు. ఇస్త్రీకి ఇచ్చిన బట్టల్లోనే ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. లిఫ్టులో కలిసిన ముగ్గురితో ఆ ఇస్త్రీ ఆమె దగ్గరే పోయుంటుందని అనేశాను. ఇంత జరిగిన మనిషిని, ఈ వయసులో నేనే అన్నాను. మూడో రోజు ఆ చీర పెట్టెలో దుప్పటి మడతల్లో దొరికింది. అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక ముక్క పెట్టేస్తే అందరికీ తెలిసిపోతుంది కదా అత్తయ్యా అంది మా కోడలు. పెట్టలేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా వెళ్ళి ఇద్దరి తలుపులు తట్టి, పొరపాటు నాదేనని చెప్పాను. తర్వాత కిందికి దిగి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. ఆమె చేస్తున్న పని ఆపలేదు. నేను చెప్పింది మాత్రం విన్నది. మడత పెట్టిన చొక్కా పక్కన పెడుతూ, జర చూసుకొని అనాలె కదమ్మా అంది. అవునన్నాను.

లిఫ్టులో ఆ రోజున్న మూడో ఆమె ఇల్లు తాళం వేసి ఉంది. కూతురి దగ్గరికి వరంగల్ వెళ్ళిందట, వారం దాకా రాదట. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మూడో అంతస్తుకు వెళ్ళి ఆ తాళం చూసి వస్తున్నాను. ఆమె వచ్చి తలుపు తీసేదాకా నాకు కుదురుండదు.